2.7 సెకన్ల ముందు

స్టీరింగు మీ చేతుల్లో ఉంది. వెనక 46 మంది ఉన్నారు.

ఉదయం ఏడు దాటింది. హయత్‌నగర్‌లో జనాన్ని ఎక్కించుకుని, పంతంగి టోల్‌గేటు దాటి, చిట్యాల వైపు సాగుతున్నారు. సూర్యాపేట ఎక్స్‌ప్రెస్. 65వ నంబరు జాతీయ రహదారి తూర్పుకి పోతుంది కాబట్టి ఎండ నేరుగా మొహానే కొడుతోంది. ఇంజను వేడి కాళ్లకు తగులుతోంది. వెనక ఎవరి ఫోన్లోనో పాట. ముందు సీట్లో పసిపిల్ల ఏడుపు. కండక్టరు చేతిలో టికెట్ మిషను కిర్రుమంటోంది.

ఇదంతా మీకు అలవాటే. కొత్తది ఒక్కటే. ముందద్దానికి లోపలివైపు, దేవుడి పటానికి కాస్త పైన, అరచేతిలో ఇమిడేంత నల్ల కెమెరా. దాని తీగ డ్యాష్‌బోర్డు మీదున్న గుండ్రటి చిన్న తెరలోకి దిగింది. ఆ తెర మీద పచ్చరంగు కారు బొమ్మ, దానితో పాటు ఒక అంకె: 1.9.

ముందు పోతున్న లారీకీ మీకూ మధ్య ఉన్న ఎడం అది. మీటర్లలో కాదు, సెకన్లలో. లారీ ఇప్పుడున్న చోటికి మీరు చేరడానికి పట్టే సమయం. యాక్సిలరేటరు కొంచెం తొక్కండి. 1.4. ఇంకొంచెం. 0.9. 0.6. పచ్చ కారు ఎర్రబడుతుంది. బీప్.

"ఏందన్నా గిది, ఊకె కూస్తది?" కండక్టరు వంగి చూస్తాడు.

మీకూ చిరాకే. ఇన్నేళ్లుగా ఇదే రోడ్డు మీద బండి నడుపుతున్నారు. లారీకి ఎంత దూరంలో ఉండాలో ఈ డబ్బా చెప్పాలా? చిరాకు వెనక ఒక భయం కూడా ఉంది. ఎన్నిసార్లు కూసిందో ఆ లెక్క డిపోకు పోతుందేమో. రేపు డిపో మేనేజరు పిలిచి అడుగుతాడేమో. రుమాలు జేబులోనే ఉంది. తీసి ఆ కెమెరా మీద వేలాడదీస్తే నోరు మూసుకుంటుంది. వేస్తారా?

చెయ్యి జేబు దాకా వెళ్తుంది. ఆగుతుంది. దానికి బదులు కాలు కొంచెం పైకెత్తుతారు. 1.2. 1.7. మళ్లీ పచ్చ.

చిట్యాల పోయింది. నార్కట్‌పల్లిలో నల్గొండ వెళ్లేవాళ్లు నలుగురు దిగారు, ఆరుగురు ఎక్కారు. ఇద్దరికి సీట్లు లేవు, కడ్డీ పట్టుకుని నిలబడ్డారు. కట్టంగూరు దగ్గర ఇండికేటరు వేయకుండా వరస మారితే మళ్లీ కూసింది. రెండోసారి ఇండికేటరు వేసి మారారు. ఊరుకుంది. తెలిసి చేసే పనికి అడ్డు రాదన్నమాట, ఏమరుపాటుగా గీత దాటితేనే అరుస్తుంది. ఈ సంగతి అర్థమయ్యాక చిరాకు కొంత తగ్గింది.

నకిరేకల్ దాటారు. ముల్లు 72 దగ్గర ఉంది.

 రోడ్డుకు ఒకవైపు ఇళ్లు, ఒకవైపు చేలు. మధ్యలో డివైడరు. దాన్ని ఒకచోట పగలగొట్టి సందు చేసుకున్నారు. సరైన యూటర్న్ దూరంగా ఉంది. పొద్దున్నే పనికి పోయేవాళ్లు అంత దూరం ఎందుకు తిరుగుతారు?

ఎడమవైపు రోడ్డు అంచున ఒక బైకు. రెండు పక్కలా పాల క్యాన్లు. మీకు ఎదురుగా వస్తోంది.

కుడివైపు హారన్. పొడుగ్గా. కారేదో దాటబోతోంది. మీ చూపు కుడి అద్దం మీదికి పోతుంది.

అప్పుడే ఆ సందులోంచి ట్రాక్టరు ముక్కు బయటికి వస్తుంది. మీకు కనిపించదు. లారీ అడ్డం. లారీ డ్రైవరుకు కనిపిస్తుంది. బ్రేకు తొక్కుతాడు.

మీరింకా అద్దంలోనే చూస్తున్నారు.

బీప్ బీప్ బీప్.

తల తిరిగింది. ఎర్ర లైట్లు. లారీ వెనక తలుపు. పెద్దదవుతోంది.

ఎడమకు తిప్పాలా? బైకు. మనిషి.

కుడికా? కారు.

బ్రేకు? నిలబడ్డవాళ్లు. పసిపిల్ల.

తొక్కండి.

పూర్తిగా.

స్టీరింగు కదపొద్దు.

టైర్లు అరుస్తున్నాయి. వెనక కేకలు. సంచులు జారుతున్నాయి. లారీ. ఇంకా దగ్గరికి. ఇంకా.

ఆగింది.

మీ బంపరుకూ లారీకీ మధ్య ఒక మనిషి పక్కకు తిరిగి దూరగలిగేంత సందు మిగిలింది. కారు కుడిపక్క నుంచి దూసుకుపోయింది. పాల బైకు ఏమీ ఎరగనట్టు ఎడమ కిటికీ పక్క నుంచి వెళ్లిపోయింది. ట్రాక్టరు నింపాదిగా రోడ్డు దాటి చేలల్లోకి దిగింది. కండక్టరు మోచెయ్యి రుద్దుకుంటున్నాడు. "ఏందన్నా గట్ల కొట్టినవ్ బ్రేకు!" అని ఎవరో అరుస్తున్నారు. పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. ఆ ఏడుపు ఎంత హాయిగా ఉందో మీకు మాత్రమే తెలుసు.

చేతులు వణుకుతుండగా ఒక ప్రశ్న వస్తుంది. నేను చూడనిది అదెలా చూసింది?

మీ కన్నా దూరం చూసి కాదు. అద్దం వైపు తల తిప్పదు కాబట్టి. కెమెరా ముందున్న బండి వెనకభాగాన్ని సెకనుకు ఎన్నోసార్లు కొలుస్తుంది. అది ఎంత త్వరగా పెద్దదవుతోందో చూసి, ఇదే వేగంతో పోతే ఎన్ని సెకన్లలో తగులుతుందో లెక్క కడుతుంది. ఈ రకం పరికరాలు ఢీకొనడానికి గరిష్ఠంగా 2.7 సెకన్ల ముందు కూత పెడతాయి. గంటకు 72 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 20 మీటర్లు. లారీ ఆగి ఉందనుకుంటే 2.7 సెకన్లంటే 54 మీటర్లు. ఉలిక్కిపడి, అర్థం చేసుకుని, కాలు బ్రేకు మీదికి తెచ్చేసరికి ఒక సెకను పోయింది. దాంతో 20 మీటర్లు పోయాయి. మిగిలిన 34 మీటర్లలో 48 మంది ప్రాణాలు నిలబెట్టింది మీ కాలే. ఆ పరికరం బ్రేకు వేయదు, స్టీరింగు తిప్పదు. అద్దంలో చిక్కుకున్న మీ చూపును వెనక్కి పిలిచింది, అంతే. నా మట్టుకు నాకు దాని గొప్పతనమంతా అక్కడే ఉంది. నడిపే మనిషిని పక్కకు తోయకుండా, అతనికి ఒక సెకను ఎక్కువ ఇచ్చింది.

ఇప్పుడు సీటు మారండి.

గచ్చిబౌలి. ట్రిపుల్ ఐటీ. చల్లటి గది. మీ చేతిలో స్టీరింగు లేదు, మౌసు ఉంది. తెర మీద హైదరాబాద్ వీధి ఫొటో. కారు ముందు కట్టిన కెమెరా తీసింది. అందులో కనిపించే ప్రతిదాని చుట్టూ చుక్క తర్వాత చుక్క పెడుతూ గీత గీసి, పేరు పెట్టడం మీ పని. బస్సు, సరే. స్కూటరు, సరే. ఆటో వచ్చింది. కింద మూడు చక్రాలు, లోపల ఎనిమిది మంది, ఒకడి కాలు బయట. ఆ కాలు ఆటోలో లెక్కా, మనిషిలో లెక్కా? కిందికి రండి. తారు ఎక్కడ అయిపోయింది? మట్టి ఎక్కడ మొదలైంది? ఆ మట్టి మీద బైకు పోతోంది కదా, మరి అది రోడ్డేనా? మౌసు గాల్లో ఆగిపోతుంది.

ఆ సందేహం పనికిరానిది కాదు. యూరప్ రోడ్ల మీద తయారైన పేరున్న ఫొటోల గుట్ట ఒకటుంది, సిటీస్కేప్స్ అని. అందులో ఎక్కువ భాగం జర్మనీ నగరాలు. ఆటో అనే పేరే అందులో లేదు. దాంతో చదువుకున్న యంత్రాన్ని తెచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో నిలబెడితే సగం రోడ్డు దానికి అర్థం కాదు. అందుకే ట్రిపుల్ ఐటీ, ఇంటెల్ కలిసి హైదరాబాద్, బెంగళూరు, వాటి శివార్లలో 182 సార్లు బండి నడిపి తీసిన దృశ్యాల్లోంచి 10,000 ఫొటోలు ఎంచాయి. 34 రకాల పేర్లు పెట్టి 2018లో పరిశోధకుల కోసం విడుదల చేశాయి. ఇండియా డ్రైవింగ్ డేటాసెట్ అంటారు దాన్ని. అందులో ఆటోకు విడిగా పేరుంది. జంతువులకు ఉంది. తారు కాకపోయినా బండి దిగగలిగే మట్టి అంచుకు కూడా ఉంది. మీ బస్సులోని కెమెరా ఈ ఫొటోలతోనే నేర్చిందని కాదు. మన రోడ్డును ఉన్నది ఉన్నట్టు చూడాలన్న పట్టుదల ఉన్నవాళ్లు ఈ పని వల్ల ఇక్కడ తయారయ్యారు.

2020 అక్టోబరులో ఇంటెల్, ట్రిపుల్ ఐటీ, పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్, తెలంగాణ ప్రభుత్వం చేతులు కలిపి ఐనై అనే పరిశోధన కేంద్రం పెట్టాయి. మరుసటి ఏడు సెప్టెంబరులో, బస్సులకు ఇలాంటి కెమెరాలు అమర్చే ఐరాస్తే పథకం నాగపూర్‌లో మొదలైంది. ఊళ్లో తిరిగే బస్సులు అక్కడి నగరపాలక సంస్థవి. రోడ్డును పరీక్షించడం కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ పని. మహీంద్రా కూడా కలిసింది. తర్వాత అదే పథకం తెలంగాణకు వచ్చింది. జాతీయ రహదారుల మీద తిరిగే 200 ఆర్టీసీ బస్సులకు ఈ కళ్లు అమర్చడం మొదలైంది. చిప్పు చేసేవాడికి బస్సు లేదు. బస్సున్నవాడికి లెక్కలు కట్టే పరిశోధకుడు లేడు. ఆ పరిశోధకుడికి రోజూ నాలుగు వందల కిలోమీటర్లు తిరిగే డ్రైవరు లేడు. ఎవరి దగ్గర లేనిది వాళ్లు అడిగి తెచ్చుకున్నారు.

మళ్లీ మీ సీట్లోకి రండి. కొన్నాళ్ల తర్వాత. అదే సర్వీసు. నకిరేకల్ దాటారు. అదే డివైడరు సందు. ఈసారి ముందే కాలు ఎత్తి ఉంచారు. ట్రాక్టరు లేదు. ఒక పిల్లాడు. స్కూలు సంచి. పరుగు.

బీప్. తెర మీద మనిషి బొమ్మ. ఎర్రగా.

తొక్కారు. పిల్లాడు దాటాడు. వెనక్కి కూడా చూడలేదు.

మీరు గట్టిగా ఊపిరి వదిలి అనుకుంటారు: ఇక్కడ ఇట్లా అయ్యేది నాకొక్కడికేనా?

కాదు. ఆ కూత మీ చెవితో ఆగలేదు. ఏ చోట, ఏ సమయంలో, ఎంత వేగంలో మోగిందో నమోదైంది. మీ ముందు పోయిన బస్సుకూ అక్కడే మోగింది. సాయంత్రం తిరిగొచ్చే బస్సుకూ అక్కడే. పటం మీద ఈ కూతలన్నీ పెడితే కొన్నిచోట్ల గుంపులు గుంపులుగా పడతాయి. పరిశోధకులు వాటిని గ్రే స్పాట్లు అంటున్నారు. డిపో మేనేజరు పిలుస్తాడేమోనని భయపడ్డారు కదా. నిజానికి ఆ లెక్క మీ మీద కన్నా రోడ్డు మీద ఎక్కువ ఫిర్యాదు.

ఇక మూడో సీటు. కలెక్టరేట్ సమావేశ మందిరం. గోడ మీద ఆ పటం. మీరు రోడ్డు ఇంజనీరు. మీ చేతిలోని నిబంధన ఏమంటుందంటే: జాతీయ రహదారి మీద సుమారు 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో మరణాలో తీవ్ర గాయాలో అయిన ప్రమాదాలు 5 జరగాలి, లేదా 10 మంది చనిపోవాలి. అప్పుడే అది బ్లాక్ స్పాట్. అప్పుడే దాని మరమ్మతు ముందువరసలోకి వస్తుంది. 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. ప్రతి వంద మందిలో 44 మంది ద్విచక్ర వాహనాల మీద పోయినవాళ్లు. మీ జాబితా ఇలాంటి చావుల, గాయాల లెక్కతోనే తయారవుతుంది.

గోడ మీది పటంలో కనిపించే ఆ డివైడరు సందు మీ జాబితాలో లేదు. అక్కడ ఇంకా ఎవరూ పోలేదు. కూతలే ఉన్నాయి. ఏం చేస్తారు? సందు మూసేస్తే ఊరివాళ్లు మళ్లీ పగలగొడతారు, వాళ్ల చేలు అవతల ఉన్నాయి మరి. మెరిసే పసుపు దీపాలు, వేగం తగ్గించే గరుకు పట్టీలు పెడితే కొంత నయం. యూటర్న్ దగ్గరికి జరిపితే ఇంకొంత. రోడ్డు కింద నుంచి దారి ఇస్తే తీరుతుంది, కానీ ఖర్చు. నన్నడిగితే ఆ దారి అడిగే ఊరివాళ్లదే న్యాయం. వాళ్ల పొలం మధ్యలోంచి రోడ్డు వేసింది మనం.

ఈ యంత్రం చేయలేని పనులు ఉన్నాయి. నిద్ర చాలని డ్రైవరుకు అది నిద్ర ఇవ్వలేదు. పొగమంచులో, ఎదురెండలో అదీ తడబడుతుంది. పటం గీసి ఇవ్వగలదు, సందు పూడ్చలేదు. పూడ్చాల్సింది మనుషులే. పటం వచ్చాక కూడా పూడ్చకపోతే తెలియలేదన్న సాకు ఇక చెల్లదు.

మీ ఊరి దగ్గర అలాంటి చోటు ఎక్కడుందో మీకు తెలుసు. రోజూ ఎవరో ఒకరు అక్కడ తృటిలో బయటపడుతున్నారు. జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి దాన్ని రాసివ్వండి. ఇంకా ఎవరూ చనిపోలేదు కదా అని వాళ్లంటే, అందుకే ఇప్పుడే వచ్చామని చెప్పండి.