తుఫాను గాలి - చంపావతి వరద

తుఫాను అనగానే మన తలపు సముద్రము మీదికి పోవును. కళింగపట్నము, భీమునిపట్నము, విశాఖపట్నము, ఆ రేవులందు ఎగురవేయు ప్రమాద సూచికలు, ఇండ్ల పైకప్పులను లేవదీయు గాలి కన్నులకు గట్టును. జూట్ మిల్లుతో పేరుపడి, చంపావతి ఒడ్డున నున్న నెల్లిమర్ల వంటి ఊరికి మాత్రము అపాయము వచ్చు త్రోవ వేరు. అది కొండలనుండి దిగును.

మన దేశమున తుఫానుల పరిశోధన గాలితో ఆరంభమైనది. ఆ జ్ఞానము ముందుగా కావలసినది నావికులకు. కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ ఓడల దినచర్య పుస్తకములను పరిశీలించి, గాలి పాము చుట్టవలె సుడి తిరుగుటనుబట్టి 'సైక్లోన్' అను పేరు పెట్టెను. 1848లో ఆయన వెలువరించిన గ్రంథము నావికులకొరకు వ్రాసినదే. మన విశాఖపట్నమునందు 1840లో గోడే వెంకట జగ్గారావుగారు వేధశాలను స్థాపించిరి. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని కొనసాగించిరి. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడినది. మరుసటి యేడే, 1876 అక్టోబరులో, విశాఖపట్నము తీరమున తుఫాను చెలరేగినది. ఆ నెలాఖరున బంగాళమందలి బాకర్‌గంజ్‌ను మరియొక తుఫాను ముంచివేసినది. ఈ రెంటిని గురించి జాన్ ఎలియట్ ఒకే నివేదిక వ్రాసెను.

ఆ ఆరంభపు గుర్తు నేటికిని మన మాటలలో నిలిచియున్నది. అల్పపీడనము, వాయుగుండము, తీవ్ర వాయుగుండము, తుఫాను, ఈ మెట్లన్నియు గాలి వేగమునుబట్టి ఏర్పరచినవి. గాలి గంటకు 62 కిలోమీటర్లకు చేరిననే అది తుఫాను. 2004 నుండి మన సముద్రములందలి తుఫానులకు పేర్లు పెట్టుచున్నారు. అయితే ఎంత వాన కురియునో ఈ మెట్లు చెప్పవు. వాన హెచ్చరిక వేరుగా వచ్చును. దానిని వేరుగానే వినవలెను.

2013 అక్టోబరు 12న పైలిన్ తుఫాను ఒడిషాలోని గోపాలపురము వద్ద తీరము దాటినది. లక్షలాది జనులను ముందుగా తరలించుటచేత, గాలి తీవ్రతతో పోల్చిచూడగా ప్రాణనష్టము స్వల్పము. పది దినములు గడచిన పిమ్మట ఒక అల్పపీడనము కోస్తా ఆంధ్రమున విడువక వాన కురిపించినది. దానికి పేరు లేదు. అయినను శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలతో సహా అనేక చోట్ల పొలములు మునిగినవి. పలువురు ప్రాణములు కోల్పోయిరి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటినది. ఆ వానలకు ఒడిషాలోని గజపతి జిల్లాలో, కడలికి దూరముగా, కొండచరియ విరిగి బరఘరా గ్రామస్థులను బలిగొన్నది. పైలిన్, 2014లో విశాఖను తాకిన హుద్‌హుద్, తిత్లీ, ఈ మూడును అక్టోబరు రెండవ వారముననే వచ్చినవి. చిత్తకార్తె సమీపించి, వరి పొట్టమీదనుండు కాలమది.

ఇక చంపావతి సంగతి. ఈ నది తూర్పు కనుమలలో ఆండ్ర సమీపమున పుట్టి, గజపతినగరము, నెల్లిమర్ల, డెంకాడల మీదుగా సాగి, కోనాడ వద్ద సముద్రమున కలియును. దీని నిడివి తక్కువే. గోదావరి వంటి మహానదికి వరద దూరమునుండి నడచి వచ్చును. భద్రాచలమున నీటిమట్టము చూచి ధవళేశ్వరమువారిని ముందుగా హెచ్చరించవచ్చును. చిన్న ఏటికి అంత వ్యవధి లేదు. కొండలపై కురిసిన వాన గెడ్డలవెంట కొన్ని గంటలలోనే ఏటిని చేరును. ఊరిలో ముసురు విడిచి ఎండ కాయుచుండగా ఏరు పొంగవచ్చును. తల పైని ఆకాశమునే చూచి ధైర్యపడువాడు అచ్చటనే మోసపోవును.

కావున తుఫాను వార్త విన్నప్పుడు గాలి యెంత యని అడుగుటతోపాటు, కొండలలో వాన యెంత యనియు అడుగవలెను. గాలి నిలిచినదని పశువులను ఏటిగట్టున కట్టరాదు. నీరు పారు కాలిబాటను దాటరాదు. తుఫాను తీరము దాటినదన్న మాట సముద్రపు టొడ్డువారికి ఊరట కావచ్చును. ఏటి ఒడ్డువారు మాత్రము మరి రెండు మూడు దినములు మెలకువతో నుండవలెను.