చట్టము లేనిచోట

2000వ సంవత్సరము మే నెల 4వ తేదీన అనేక దేశములవారికి ఒక ప్రేమలేఖ అందెను. ఫిలిప్పీన్సు దేశపు మనీలా పట్టణమునుండి బయలుదేరిన ఆ లేఖ కాగితముమీద వ్రాసినది కాదు. కంప్యూటరులకు వచ్చిన ఈమెయిలు. ‘నేను నిన్ను ప్రేమించుచున్నాను’ అని దాని పైమాట. అది పరాయివారి పేరిట గాక ఎరిగినవారి పేరిటనే వచ్చెను. కనుక జనులు సందేహింపక విప్పిరి.

విప్పగానే అందు దాగియున్న వైరసు తన పని ఆరంభించెను. కంప్యూటరు వైరసు అనగా రోగపు పురుగు కాదు. యంత్రములలో చొరబడి హాని చేయుటకు మనుష్యుడు వ్రాసిన ఆజ్ఞల వరుస. అది జనులు దాచుకొనిన ఛాయాపటములను చెరిపెను, వారి రహస్య సంకేతపదములను దొంగిలింపజూచెను. విప్పినవాని చిరునామాల పట్టికలో ఎందరుండిరో అందరికిని వాని పేరిట అదే లేఖను పంపెను. ఆలాగున లక్షలాది కంప్యూటరులకు ప్రాకెను. బ్రిటిషు పార్లమెంటు సహితము తన ఈమెయిలును కొంతసేపు నిలిపివేసెను.

వైరసులు వ్రాయువారిలో కొందరు తమ తెలివి చూపుటకును, కొందరు ధనము కొరకును వ్రాయుదురు. దీనిని వ్రాసిన ఓనెల్ డి గుజ్మాన్ ఒక విద్యార్థి. ఇంటర్నెట్టు వాడుటకు రుసుము చెల్లింపలేక, ఇతరుల సంకేతపదములతో వాడుకొనగోరెను. అది అందరి హక్కు గనుక దొంగతనము కాదని తలంచెను. మనుష్యులు ప్రేమకొరకు ఆశపడుదురని ఎరిగి, ఆ మాటనే ఎరగా పెట్టెను.

అధికారులు వాని జాడ పట్టిరి. అయితే అట్టి పని నేరమని చెప్పు చట్టము ఆ దేశములో అప్పటికి లేదు. జూన్ నెలలో చట్టము చేసిరి గాని అది గడచినదానికి వర్తింపలేదు. ఆగస్టులో అభియోగములు విడిచిపెట్టిరి. అతడు శిక్ష లేకయే వెళ్లెను. అయినను ఇరువది సంవత్సరముల పిమ్మట, 2020లో వెలువడిన ఒక పాత్రికేయుని గ్రంథములో, ఆ పని తనదేనని ఒప్పుకొని విచారము తెలిపెను.

చదువరీ, ఇక్కడ నిలిచి ఆలోచించుము. ధర్మశాస్త్రము లేనివారి హృదయములలోను దాని సారము వ్రాయబడియున్నదని పౌలు రోమీయులకు బోధించెను. దేశపు చట్టము ఆ యువకుని విడిచిపెట్టెను, మనస్సాక్షి విడువలేదు. యూదా తన ప్రభువును అప్పగించుటకు ముద్దునే గురుతుగా ఎన్నుకొనెను. ప్రేమ చిహ్నమును వలగా చేయుట ఎంత పాత పాపము!

పేదరికము నిజమే, దేవుడు దానినెరుగును. అయితే అతడు పట్టదలచిన కొంచెము ఎంతమంది నష్టమాయెనో చూడుము. పొలము గట్టు జానెడు జరుపునప్పుడు, కాటాలో వ్రేలు మోపునప్పుడు మనమును అట్లే చెప్పుకొందుము: ‘ఇది కొంచెమే, నాకు అవసరము, అడుగువాడెవడు?’ విడిచిన తరువాత పాపము మన చేతి హద్దులో నిలువదు.

అడుగువాడు లేడని తలంచు గడియలో, హృదయపు పలకమీద ప్రభువు వ్రాసినదానిని చదువుకొందము. జక్కయ్యవలె, ఇరువది సంవత్సరములు ఆలస్యము చేయక, నేడే ఒప్పుకొని తిరిగి చెల్లింతము. ప్రభువు అట్టి మనస్సు మనకు దయచేయును గాక. ఆమేన్.