సేవా సమయంలో తేడా, వరుసలో నిరీక్షణ

ఒకే చోట పని చేయించుకునేవారిలో ఒక్కొక్కరికి ఒక్కో విధంగా సమయం పట్టడాన్ని సేవా సమయ వైవిధ్యం అంటారు. సగటు మారకపోయినా, ఈ తేడా పెరిగిన కొద్దీ వరుసలో నిరీక్షణ పెరుగుతుంది.

ఆసియాలోని పెద్ద మార్కెట్లలో ఒకటిగా పేరున్న వరంగల్ ఏనుమాముల యార్డులో మిర్చి తూకాన్నే తీసుకుందాం. ఒక రైతు ఆటోలో నాలుగు బస్తాలు తెస్తే, వెనకాలే మరొకరు ట్రాక్టర్ నిండా తెస్తారు. హమాలీలు ప్రతి బస్తానూ కాంటా ఎక్కించి దించాలి, దడవాయి బరువు రాసుకోవాలి. బస్తాలెన్ని ఉంటే అంత సమయం.

కాంటా ఒక్కటే ఉండి, గంటకు సగటున 12 మంది రైతులు ఎప్పుడు పడితే అప్పుడు వస్తారనుకుందాం. అందరికీ సరిగ్గా 4 నిమిషాలే పడితే, తన వంతు కోసం ఒక్కో రైతు సగటున 8 నిమిషాలు ఆగాలి. ఐదుగురిలో నలుగురికి 2 నిమిషాలు, ఒకరికి 12 నిమిషాలు పడితే? సగటు అదే 4 నిమిషాలు. నిరీక్షణ మాత్రం 16 నిమిషాలవుతుంది.

కారణం ఇది. పెద్ద సరుకు తెచ్చేది ఐదుగురిలో ఒక్కరే అయినా, కాంటా నడిచే సమయంలో 60 శాతం ఆ ఒక్కరికే పోతుంది. అందుకే కొత్తగా వచ్చే రైతుకు పెద్ద తూకమే ఎక్కువగా ఎదురవుతుంది. ఆ 12 నిమిషాల్లో పోగైన జనం వల్ల ఆలస్యం తర్వాత వచ్చేవారికీ పాకుతుంది. చిన్న తూకాలు త్వరగా ముగిసి కాంటా ఖాళీగా ఉన్నా, ఆ సమయం తర్వాతి రద్దీకి అక్కరకు రాదు.

కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1909లో వరుసల సిద్ధాంతానికి పునాది వేశాడు. ఇలాంటి ఒంటి కాంటా వరుసకు, సేవా సమయం ఎలా మారినా వర్తించే సూత్రాన్ని గణితవేత్తలు పొలాచెక్ 1930లో, ఖించిన్ 1932లో ఇచ్చారు. అందులో రద్దీ పాత్ర కూడా పెద్దదే. పై ఉదాహరణలో కాంటా 80 శాతం సమయం పనిలో ఉంటుంది. ఎక్కువ మంది రైతులు వచ్చి అది 90 శాతానికి చేరితే 8 నిమిషాల నిరీక్షణ 18కి, 16 నిమిషాలది 36కి పెరుగుతాయి.

కాంటా ఖాళీ అయినప్పుడల్లా చిన్న సరుకును ముందు తూస్తే, కొత్త కాంటా లేకుండానే సగటు నిరీక్షణ 16 నుంచి సుమారు 8.5 నిమిషాలకు దిగుతుంది. చిన్న సరుకు రైతు వంతు సగటున 5 నిమిషాలలోపే వస్తుంది, పెద్ద సరుకు రైతు దాదాపు 23.5 నిమిషాలు ఆగాలి. నలుగురికి 11 నిమిషాల చొప్పున కలిసివస్తుంటే ఒకరికి ఏడెనిమిది నిమిషాలు పెరుగుతున్నాయి కాబట్టి, రద్దీ రోజుల్లో ఈ క్రమం పాటించడమే న్యాయం.