గర్జిస్తూ ఆలకించిన విమానం

విశాఖపట్నం సముద్రతీరపు రోడ్డున నడిచేవారికి ఒక ప్రక్క 'కుర్సురా' జలాంతర్గామి, ఎదుటి ప్రక్క ఒక భారీ విమానం కనబడతాయి. మొదటిది నీటిలో దాగేది. రెండవది దాగినదానిని వెదికేది. ఆ విమానం పేరు టీయూ-142. దాని చప్పుడును గురించి శ్రోతలకు నాలుగు మాటలు మనవి చేస్తాము.

సోవియట్ దేశంలో తయారైన ఈ విమానాలు 1988లో మన నౌకాదళంలో చేరినవి. మొదట గోవాలోను, 1992 నుండి అరక్కోణంలోను ఉండి, 2017 మార్చి 29న సేవ చాలించినవి. వాటిలో ఒకటి ఆ డిసెంబరులోనే విశాఖలో ప్రదర్శనశాల అయినది.

దీనికి ఇంజన్లు నాలుగు. ఒక్కొక్క ఇంజనుకు ఒకదాని వెనుక ఒకటిగా రెండు ప్రొపెల్లర్లు. ఒకటి కుడికి తిరిగితే రెండవది ఎడమకు. ప్రొపెల్లరుకు నాలుగేసి రెక్కల చొప్పున మొత్తం 32. ముందరిది గాలిని నెట్టుతూ సుడి తిప్పుతుంది. ఆ సుడిలో వృథా కాబోయే శక్తిని వెనుకది ఎదురు తిరిగి రాబట్టుకుంటుంది. కనుకనే ప్రొపెల్లరు విమానమై ఉండి కూడా ఇది గంటకు 800 కిలోమీటర్లు దాటగలిగినది.

ఆ వేగానికి మూల్యం చప్పుడు. ముందరి రెక్కలు చెదరగొట్టిన గాలి వెనుకటి రెక్కలకు తగిలినప్పుడల్లా ధ్వని పుడుతుంది. పైగా ప్రొపెల్లరు వ్యాసం 5.6 మీటర్లు. నిమిషానికి సుమారు 750 చుట్లు తిరిగితే రెక్క కొన సెకనుకు 220 మీటర్లు సాగుతుంది. విమానపు ముందు నడకను కూడా కలిపి లెక్కిస్తే అది 310 మీటర్లవుతుంది. పై ఎత్తుల చల్లని గాలిలో ధ్వని సాగేది 295 మీటర్లే. ధ్వనిని మించి కోసుకుపోయే ఆ కొనల వద్ద పుట్టేదే గర్జన.

చిత్రమేమంటే, ఈ విమానం పని ఆలకించడం! శబ్దాన్ని పట్టే బోయాలను సముద్రంలో జారవిడిచి, అవి రేడియో ద్వారా పంపే సన్నని సవ్వడిలో జలాంతర్గామి జాడ వెదికేది. ఆ గర్జన నడుమ గంటల తరబడి చెవియొగ్గి కూర్చున్న నావికుల ఓర్పు, రేడియో వారమైన మాకు మరీ బాగా తెలుస్తుంది.

ఇప్పటి శాస్త్రజ్ఞులు మరొక దారి పట్టినారు. చిన్న ప్రొపెల్లర్లు అనేకం విమానపు రెక్క పొడవునా పంచి, విద్యుత్తుతో నిదానంగా త్రిప్పుదామంటారు. కొన వేగం తగ్గితే చప్పుడూ తగ్గుతుంది; రెక్క మీద వీచే గాలి పెరిగి, తక్కువ వేగంలోనే విమానం తేలుతుంది. అమెరికాలో నాసా సంస్థ 14 ప్రొపెల్లర్లతో సంకల్పించిన ఎక్స్-57 మాత్రం ఎగురకుండానే 2023లో ముగిసినది. ప్రక్కప్రక్కన తిరిగే ప్రొపెల్లర్లు ఒకదాని గాలిని మరొకటి కలచితే పాత చప్పుడు మరల తలయెత్తుతుంది కూడా.

ఈసారి తీరానికి వెళ్ళినప్పుడు పిల్లలకు ఆ 32 రెక్కల కొనలు చూపండి. రేపటి విమానం నెమ్మదిగా పలకాలంటే అదుపులో ఉంచవలసినవి ఆ కొనలే.