పూచీ పడ్డ మనిషి

1841 ఆగస్టు నెల. అమెరికాలోని బోస్టన్ నగరం. పోలీసు కోర్టులో ఆనాటి విచారణలు మొదలు కావస్తున్నాయి. లాకప్ గది తలుపు తెరుచుకుని, చిరుగుల బట్టలతో ఒక మనిషి కోర్టు హాల్లోకి వచ్చాడు. అతని మీద మోపిన నేరం ఒక్కటే, అస్తమానం తాగి తిరగడం. ఇలాంటి వాళ్లను బోస్టన్ కోర్టు రోజూ చూసేది. విచారణ నిమిషాల్లో ముగిసేది. ఆపైన దిద్దుబాటు గృహం అని పేరున్న జైలు. కొన్నాళ్లకు విడుదల, మళ్లీ తాగుడు, మళ్లీ కోర్టు.

ఆ రోజు హాల్లో జాన్ ఆగస్టస్ అనే ఆయన ఉన్నాడు. వయసు యాభై దాటింది. వృత్తి బూట్లు కుట్టడం, సొంత దుకాణం ఉంది. లాయరు కాదు, అధికారి కాదు. తాగుడు మాన్పించడానికి పనిచేసే ఒక సంఘంలో సభ్యుడు. ఆయన ఆ మనిషి పక్కకు వెళ్లి కాసేపు మాట్లాడాడు. జైలు తప్పిస్తే ఇక చుక్క ముట్టనని అతను మాటిచ్చాడు. ఆ మాటలోని పట్టుదల ఆగస్టస్‌కు నిజమనిపించింది. జడ్జి అనుమతితో అతనికి పూచీ పడ్డాడు. మూడు వారాల తరవాత శిక్ష వినడానికి రమ్మని కోర్టు ఆదేశించింది.

మూడు వారాలకు ఇద్దరూ కలిసి వచ్చారు. తాగుడు మానేసి శుభ్రంగా ముస్తాబై వచ్చిన మనిషిని కోర్టులో ఎవరూ గుర్తుపట్టలేకపోయారు. జడ్జి జైలు మాట ఎత్తలేదు. ఒక్క సెంటు జరిమానా వేశాడు. కోర్టు ఖర్చులతో కలిపి అతను కట్టింది 3 డాలర్ల 76 సెంట్లు.

ఈనాడు ప్రపంచమంతటా కోర్టులు వాడుతున్న ప్రొబేషన్ పద్ధతి పుట్టుకను చరిత్రకారులు ఈ సంఘటన దగ్గరే మొదలుపెడతారు. నేరం రుజువైన మనిషిని జైలుకు పంపకుండా, కొంత గడువిచ్చి, ఒకరి పర్యవేక్షణలో సమాజంలోనే ఉంచడం ప్రొబేషన్. లాటిన్‌లో ఆ మాటకు మూలార్థం పరీక్షించడం, రుజువు చేసుకోవడం. కాలేజీల్లో క్రిమినాలజీ, సోషల్ వర్క్, కరెక్షనల్ అడ్మినిస్ట్రేషన్ అనే పేర్లతో ఈ రోజు చదివే చదువుకు ఒక వేరు కూడా అక్కడే ఉంది.

పూచీ పడితే పని అయిపోదు

ఆగస్టస్ జాలిగుండె గలవాడు కాబట్టి ఇదంతా చేశాడని చెప్పుకుంటే కథలో సగమే చెప్పుకున్నట్టు. జాలిపడి జామీను డబ్బు కట్టేవాళ్లు ఆయనకు ముందూ ఉన్నారు. ఆయన కొత్తగా కనిపెట్టింది ఒక క్రమం.

ఎవరికి పడితే వారికి ఆయన పూచీ పడలేదు. ముందు ఆరా తీసేవాడు. మనిషి గతం ఏమిటి, వయసెంత, బయటికి వెళితే ఎవరి మధ్య బతకబోతున్నాడు అని విచారించేవాడు. పూచీ పడ్డాక కూడా వదిలేయలేదు. ఉండడానికి చోటు చూసేవాడు, పని ఇప్పించేవాడు, పిల్లలైతే బడికి పంపేవాడు. గడువు ముగిశాక వాళ్ల నడత ఎలా ఉందో కోర్టుకు నివేదించేవాడు. ప్రతి కేసూ పుస్తకంలో రాసుకునేవాడు. విచారణ, పర్యవేక్షణ, పునరావాసం, నివేదిక, రికార్డు అనే ఐదు పనులూ ఏ కాలేజీలోనూ నేర్చుకోకుండానే ఆయన చేతికి వచ్చాయి.

1843లో పిల్లల వైపు తిరిగాడు. ఎనిమిది, పదేళ్ల ఆడపిల్లలిద్దరికీ, దొంగతనం మోపిన పదకొండేళ్ల అబ్బాయికీ పూచీ పడ్డాడు. 1846 నాటికి అలాంటి పిల్లలు దాదాపు ముప్పై మంది అయ్యారు. 1858 నాటికి లెక్క చూస్తే 1,152 మంది పురుషులకు, 794 మంది స్త్రీలకు ఆయన జామీను ఇచ్చాడు. మొత్తం 1,946 మంది. వీళ్లలో కోర్టుకు రాకుండా పారిపోయినవాళ్లు చాలా కొద్దిమంది.

ఇంత చేసినా ఆయనకు దారి నల్లేరు మీద నడక కాలేదు. ఒక ముద్దాయిని జైలుకు తరలిస్తే ఆఫీసరుకు ఇంతని రుసుము ముట్టేది. ఆగస్టస్ పూచీ పడ్డ ప్రతిసారీ ఎవరికో ఆ రాబడి పోయేది. కోర్టు సిబ్బందిలో కొందరికి ఆయన కంట్లో నలుసయ్యాడు. అటు సొంత వ్యాపారం దెబ్బతింది. జీతం లేదు. దాతలిచ్చిన విరాళాలే ఆధారం. 1859లో ఆయన చనిపోయాడు.

ఆయన పోయాక ఒక ప్రశ్న మిగిలింది. ఒక మంచి మనిషి మీద ఆధారపడిన పని, ఆ మనిషి లేనప్పుడు ఎవరు చేయాలి?

మంచితనం జీతమున్న ఉద్యోగమైంది

జవాబు రావడానికి పంతొమ్మిదేళ్లు పట్టింది. 1878లో మసాచుసెట్స్ రాష్ట్రం ఒక చట్టం చేసింది. బోస్టన్ మేయరు జీతమిచ్చి ఒక ప్రొబేషన్ అధికారిని నియమించవచ్చంది. నగర పోలీసు శాఖ అధిపతిగా పనిచేసిన ఎడ్వర్డ్ శావేజ్ ఆ పదవిలో కూర్చున్నాడు. 1891లో మరో చట్టంతో ఆ పద్ధతి రాష్ట్రంలోని మిగతా కోర్టులకూ పాకింది. 1899లో షికాగోలో పిల్లలకోసం ప్రత్యేక కోర్టు వచ్చింది. దానికి ప్రొబేషన్ అధికారులే కాళ్లూ చేతులూ అయ్యారు.

ఇంగ్లండులో ఇదే పని వేరే గుమ్మం లోంచి వచ్చింది. 1876లో ఫ్రెడరిక్ రెయినర్ అనే ప్రింటరు, ఒకసారి కాలు జారినవాడికి కోర్టులో చేయూత ఇచ్చేవాళ్లు లేరే అని బాధపడి, తాగుడు మాన్పించడానికి పనిచేసే చర్చి సంఘానికి ఐదు షిల్లింగులు పంపాడు. ఆ సంఘం లండన్ కోర్టులకు మిషనరీలను పంపడం మొదలుపెట్టింది. 1907లో బ్రిటిష్ పార్లమెంటు దాన్ని చట్టం చేసింది. సలహా ఇవ్వడం, సాయపడడం, స్నేహంగా మెలగడం అధికారి విధులని ఆ చట్టంలో రాసుకున్నారు. స్నేహం ఒక ప్రభుత్వోద్యోగి విధి అని చట్టం చెప్పడం చిన్న సంగతి కాదు.

చదువు ఎందుకు కావలసివచ్చింది?

ఉద్యోగాలు వచ్చాయి. చేసేవాళ్లు ఎవరు? మంచి మనసుంటే చాలనుకున్నారు మొదట్లో. చాలదని త్వరలోనే తేలింది. ఒక అధికారి తాగుబోతును నమ్మి మోసపోయాడు. మరొకడు నమ్మదగినవాణ్ణి అనుమానించి జైలుకు పంపాడు. ఒకే రకం కేసుకు ఇద్దరు అధికారులు రెండు రకాల నివేదికలు రాశారు. ఆగస్టస్ కళ్లలోకి చూసి పసిగట్టిన విషయాన్ని మిగతావాళ్లు నేర్చుకుని తెలుసుకోవలసి వచ్చింది.

మేరీ రిచ్‌మండ్ ఈ లోటును పట్టుకుంది. దానధర్మాల సంస్థల్లో పనిచేసిన ఆమె, సేవ చేసేవాళ్లకు ఒక శిక్షణాలయం కావాలని 1897లో బహిరంగంగా అడిగింది. మరుసటి ఏడాదే న్యూయార్క్‌లో వేసవి తరగతులు మొదలయ్యాయి. ఆ తరగతులే పెరిగి పెద్దవై ఇప్పటి కొలంబియా విశ్వవిద్యాలయ సోషల్ వర్క్ కళాశాలగా నిలిచాయి. 1917లో ఆమె రాసిన సోషల్ డయాగ్నోసిస్ అనే పుస్తకం, ఒక మనిషి స్థితిగతులను ఎలా విచారించాలో, విన్నదాన్ని ఎలా సరిచూసుకోవాలో పద్ధతిగా చెప్పింది. వైద్యుడు రోగం ఆనవాళ్లు పట్టినట్టు, సేవ చేసేవాడు కష్టం ఆనవాళ్లు పట్టాలి.

ఇప్పుడు ఒక కాలేజీ సిలబస్ తెరిచి చూడండి. క్రిమినాలజీ ఎందుకు? మనిషి నేరం వైపు ఎలా వెళ్లాడో తెలియడానికి. సైకాలజీ ఎందుకు? మాటల వెనక భయం, కోపం, మత్తు అలవాటు ఉన్నాయేమో చూడడానికి. చట్టం ఎందుకు? మన అధికారం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఎరగడానికి. కేస్ వర్క్ ఎందుకు? ఇంటికి వెళ్లి, తల్లితో, యజమానితో, ఇరుగుపొరుగుతో మాట్లాడి నిజం రాబట్టడానికి. ఫీల్డ్ వర్క్ ఎందుకు? వీటన్నిటినీ పుస్తకంలోంచి వీధిలోకి తెచ్చుకోవడానికి. ఆగస్టస్ చేసిన ఒక్కో పనికీ ఒక్కో పేపరు పుట్టింది.

తెలుగులో కరెక్షన్‌కు మనకున్న మాట దిద్దుబాటు. ఆ మాటలోనే పద్ధతి ఉంది. పంతులుగారు పలక మీద అక్షరం రాసి, పిల్లవాడి వేళ్లు పట్టుకుని దాని మీదే మళ్లీ మళ్లీ దిద్దిస్తారు. గీత వంకరపోతే పలక లాక్కోరు, వేలు సరిచేస్తారు. పట్టు ఎప్పుడు బిగించాలో ఎప్పుడు వదలాలో తెలిసిన చెయ్యి కావాలి. ఆ చేతిని తయారుచేయడమే ఈ చదువు పని.

మన దేశంలో అడుగులు

మన దగ్గర 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 562వ సెక్షన్, తొలిసారి తప్పుచేసినవాళ్లను సత్ప్రవర్తన బాండు మీద వదిలే వీలు కల్పించింది. ఆ బాండు మీద వెళ్లినవాణ్ణి చూసుకునే అధికారి మాత్రం అందులో లేడు. 1919-20లో సర్ అలెగ్జాండర్ కార్డ్యూ అధ్యక్షతన ఇండియన్ జైల్స్ కమిటీ, ఖైదీని సంస్కరించి సమాజానికి తిరిగి అప్పజెప్పడమే జైలు లక్ష్యం కావాలంది.

1936 ఈ కథలో ముఖ్యమైన సంవత్సరం. కోస్తాంధ్ర, రాయలసీమ కూడా భాగంగా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీ, సొంతంగా ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం రూపొందించుకున్నది ఆ ఏడే. బొంబాయిలో సర్ దొరాబ్జీ టాటా పేరిట సోషల్ వర్క్ పాఠశాల తెరిచిందీ ఆ ఏడే. దాని తొలి డైరెక్టరు క్లిఫర్డ్ మన్షార్ట్. అదే ఇప్పటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్. అటు చట్టం, ఇటు చదువు ఒకే ఏడాదిలో పుట్టాయి.

స్వాతంత్ర్యం తరవాత, 1951-52లో ఐక్యరాజ్యసమితి తరఫున క్రిమినాలజిస్టు వాల్టర్ రెక్లెస్ వచ్చి మన జైళ్లను పరిశీలించాడు. 1958లో పార్లమెంటు దేశమంతటికీ ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం చేసింది. 21 ఏళ్లలోపు వాళ్లను, యావజ్జీవం దాకా వెళ్లని నేరాల్లో, తగిన కారణం రాయకుండా జైలుకు పంపవద్దని అందులో ఉంది. ప్రొబేషన్ అధికారి ముద్దాయి ఇంటి పరిస్థితులు విచారించాలి, పర్యవేక్షించాలి, పని దొరికేలా చూడాలి అని అధికారి విధుల సెక్షన్ చెబుతుంది. బూట్లు కుట్టిన మనిషి దినచర్య మన చట్టంలో సెక్షన్ అయ్యింది.

1959లో సాగర్ విశ్వవిద్యాలయం క్రిమినాలజీ శాఖ తెరిచింది. 1979లో దక్షిణాది రాష్ట్రాల జైలు అధికారుల శిక్షణకు వేలూరులో అకాడమీ వచ్చింది. హైదరాబాద్ చంచల్‌గూడలో రాష్ట్ర కరెక్షనల్ అడ్మినిస్ట్రేషన్ సంస్థ ఉంది. 1977లో ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన ఒక మోసం కేసులో జస్టిస్ కృష్ణయ్యర్, తప్పుచేసినవాణ్ణి తిరిగి మనిషిగా నిలబెట్టడమే శిక్ష ఉద్దేశం కావాలని గట్టిగా రాశారు. 1990లో టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ప్రయాస్ పేరుతో బొంబాయి జైల్లోకే నడిచి వెళ్లి పని మొదలుపెట్టారు. తరగతి గదికీ జైలు గేటుకూ మధ్య దూరం అలా తగ్గుతూ వచ్చింది.

2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం ప్రకారం, తప్పుచేశాడని ఆరోపణ ఉన్న పిల్లవాణ్ణి జువైనల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచిన పదిహేను రోజుల్లో సామాజిక విచారణ నివేదిక రావాలి. ఆ పిల్లవాడు ఇంటికి వెళ్లడం, చదువు కొనసాగించడం ఆ కాగితాల మీద ఎంతో ఆధారపడి ఉంటుంది. వాటిని రాసే మనిషి ఈ చదువు చదివి ఉంటే ఒక తీరు, చదవకపోతే ఇంకో తీరు.

మళ్లీ మొదటి మనిషి దగ్గరికి

2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. చిన్న నేరాలకు సమాజ సేవను ఒక శిక్షగా మన శిక్షాస్మృతిలో తొలిసారి చేర్చారు. ఏయే నేరాలకని చూస్తే, తాగి బహిరంగ స్థలంలో అల్లరి చేయడం అందులో ఒకటి. అంతకు నూట ఎనభై మూడేళ్ల ముందు బోస్టన్ కోర్టులో చిరుగుల బట్టల మనిషి మీద మోపిన నేరానికి దగ్గరి చుట్టం అది. అతనికి ఆ రోజు చట్టంలో లేని దారిని ఒక మనిషి చూపించాడు. మన దగ్గర ఇప్పుడు చట్టంలో దారి ఉంది.

ఆ దారిలో తోడు నడిచేవాళ్లు కావాలి. సమాజ సేవ అని కోర్టు రాసిన కాగితం దానంతటది ఎవరినీ మార్చదు. ఎక్కడ పని చేయించాలి, ఎవరు చూసుకోవాలి, అతని తాగుడుకు వైద్యం ఎక్కడ, ఇంట్లో భార్యాపిల్లల సంగతేమిటి అని అడిగే మనిషి కావాలి. 2022 జైలు గణాంకాల ప్రకారం మన జైళ్లలో ఉన్నది 5,73,220 మంది. వీళ్లలో నాలుగింట మూడొంతులకు పైగా ఇంకా విచారణ తేలనివాళ్లు. అప్పటి జైళ్ల సామర్థ్యమేమో 4,36,266. ఇందరిలో ఎవరిని బయట ఉంచి సరిదిద్దవచ్చో చెప్పగలిగిన చదువుకున్న చేతులు మనకు చాలినన్ని లేవు.

డిగ్రీ చదువుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. క్రిమినాలజీ, సోషల్ వర్క్, సైకాలజీ, లా అనే నాలుగింటిలో ఏది మీకు దగ్గరైనా ఈ దారికి చేరవచ్చు. జువైనల్ వెల్ఫేర్, కరెక్షనల్ సర్వీసెస్ శాఖలోనూ, జైళ్ల శాఖలోనూ, స్వచ్ఛంద సంస్థల్లోనూ మీకోసం పని ఉంది. పేరు పెద్దగా రాదు, జీతం మరీ ఎక్కువ ఉండదు. కానీ ఏదో ఒక రోజు కోర్టు హాల్లో ఒంటరిగా నిలబడ్డ మనిషి పక్కన మీరు నిలబడతారు. ఆ రోజుకు తగినట్టు చదువుకోండి.