బలిపీఠం మీది గుహ

సిస్టీన్ చాపెల్‌లో అడుగుపెట్టగానే తలలన్నీ పైకప్పు వైపు లేస్తాయి. మీరు మాత్రం బలిపీఠం వెనకున్న గోడ చూడండి. అడుగు నుంచి అంచు దాకా నీలం. ఆ నీలంలో మూడు వందలకు పైగా మనుషులు, కొందరు పైకి లేస్తూ, కొందరు కిందికి కూలుతూ. 1536లో మొదలుపెట్టి 1541లో మైకెలాంజెలో ముగించిన ‘తుది తీర్పు’ ఇది. “సిలెన్సియో!” అని కావలివాళ్లు గద్దిస్తారు. జనం కాసేపు ఊరుకుని మళ్లీ గుసగుసలాడతారు.

నడిమధ్య క్రీస్తు. గడ్డం లేదు, కండలు తిరిగిన ఒళ్లు, ఎత్తిన కుడిచెయ్యి. పక్కనే మరియ ముఖం తిప్పేసుకుంది, ఇక బతిమాలి లాభం లేదన్నట్టు. వాళ్ల కింద బూరలూదే దూతల దగ్గర రెండు పుస్తకాలున్నాయి. రక్షణ పొందినవాళ్లది చిన్నది, నశించినవాళ్లది పెద్దది. ఎడమపక్క ఒక దూత ఇద్దరిని జపమాలతో పైకి లాగుతున్నాడు.

కుడిపక్కకు రండి. ఒకడు అరచేత్తో ఒక కన్ను మూసుకున్నాడు. మూయని కన్ను గుడ్లప్పగించి చూస్తోంది. దయ్యాలు వాడి కాళ్లకు చుట్టుకుని కిందికి లాగుతున్నాయి, తొడ కొరుకుతున్నాయి. వాడు గింజుకోడు. చేసిందంతా ఇప్పుడే గుర్తొచ్చినవాడిలా ఉంటాడు. ఆ దగ్గర్లోనే తలకిందులుగా ఇంకొకడు, ఒంటి నుంచి డబ్బుసంచీ, తాళంచెవులు వేలాడుతూ. పిసినారి అనుకోవచ్చు. తాళంచెవులు పేతురువి కదా, సంఘంలో పదవులు అమ్ముకున్నవాడనీ అంటారు. నాకు రెండోదే నమ్మబుద్ధవుతుంది.

అట్టడుగు మూల గాడిద చెవులతో, ఒంటికి పాము చుట్టుకుని ఉన్నవాడు నరక న్యాయాధికారి మినోస్. ఆ ముఖం పోపుగారి ఆచారాల అధికారి బియాజియో ద చెసేనాది. ఈ దిసమొలల బొమ్మలు స్నానశాలలకూ సారాకొట్లకూ తగినవని ఆయన ఈసడించాడు, దాని ఫలితం ఇది. ఆయన వెళ్లి మొరపెట్టుకుంటే, నరకం మీద తనకు అధికారం లేదని మూడో పౌలు పోపు నవ్వేశాడని చెప్పుకుంటారు. దేవుడి తీర్పు గీసేవాడు తన పగనూ రంగుల్లో కలిపేస్తాడన్నమాట! అయితే చిత్రకారుడు తననూ వదల్లేదు. అపొస్తలుడైన బర్తొలొమయి చేతిలో వేలాడే ఒలిచిన తోలు చూడండి. దాని మీది వాలిపోయిన ముఖం మైకెలాంజెలోదేనని పండితుల మాట. పరలోకంలో తనకంటూ చోటు రాసుకోలేదాయన.

ఇక చూపు దించండి. గోడ అడుగున, సరిగ్గా బలిపీఠం పైన, నల్లటి గుహ. లోపల మంట, మంట ముందు దయ్యాలు. పాపులైన ఊరిజనాన్ని బెదిరించడానికే గీసిన బొమ్మయితే ఆ గుహ అక్కడ అక్కర్లేదు. గోడవైపు తిరిగి పూజ చేసే గురువుకు సిలువ వెనక కనిపించేది అదే. కొత్త పోపును ఎన్నుకునేటప్పుడు కార్డినళ్లు ఒక్కొక్కరే మడిచిన చీటీతో అక్కడికే వస్తారు. రేపు తనకు తీర్పు తీర్చబోయే క్రీస్తే సాక్షి అని గట్టిగా ప్రమాణం చేశాకే చీటీ వేయాలి.