నాలుక పట్టిచ్చిన ఆకులు

అడవి మొక్కకు పువ్వు ఉండేది ఏడాదిలో కొన్నాళ్లే. మిగతా రోజుల్లో దాన్ని పోల్చుకోవాలంటే ఆకే దిక్కు. నలిపి వాసన చూడాలి, తుంచి పాలు కారతాయేమో చూడాలి, తెలిసిన ఆకైతే కొరికి చూడాలి. 18వ శతాబ్దంలో లినేయస్ కేసరాల లెక్కతో మొక్కలను తరగతులుగా విడదీశాక శాస్త్రగ్రంథాల్లో పువ్వుదే పెత్తనమైంది. ఆకు రుచి వైద్యుల దగ్గరే మిగిలింది. నా దృష్టిలో అది పెద్ద నష్టమే.

ఆ రుచిని మళ్లీ పట్టించుకున్నవారిలో బెంజమిన్ హేన్ ఒకడు. సామర్లకోటలో వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ తరవాత ఈస్టిండియా కంపెనీ తోటను చూసుకున్నవాడు. రణపాల ఆకు పొద్దున పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా, సాయంత్రానికి కాస్త చేదుగా ఉంటుందని 1813లో వృక్షశాస్త్రవేత్త లాంబర్ట్‌కు ఉత్తరం రాశాడు. ఆ మొక్క రాత్రిపూట కార్బన్ డయాక్సైడును పీల్చి ఆమ్లంగా దాచుకుంటుంది, పగలు ఎండలో వాడుకుంటుంది. పొద్దుటి పులుపు అదే.

పొడపత్రి సంగతి ఇంకా విచిత్రం. పొదల మీదికి అల్లుకునే తీగ, ఎదురెదురుగా మెత్తని నూగున్న ఆకులు. రెండాకులు బాగా నమిలి, నోరు కడుక్కుని చక్కెర వేసుకుంటే ఇసుక నోట్లో పోసుకున్నట్టే ఉంటుంది. ఉప్పు మాత్రం ఉప్పగానే, చింతపండు పుల్లగానే తగులుతాయి. కాసేపటికి తీపి తిరిగొస్తుంది. సంస్కృతంలో మధునాశిని, హిందీలో గుడ్‌మార్ అన్నారంటే ఈ గుణం మనవాళ్లకు ఎప్పుడో తెలుసన్నమాట. అయితే ఇది జిల్లేడు కుటుంబపు మొక్క, ఆ కుటుంబంలో విషపు పాలున్నవీ ఉన్నాయి. అందుకే తీగను, ఆకుల అమరికను చూసి ఖాయం చేసుకోకుండా నోట్లో పెట్టుకోకూడదు. రుచి చివరి పరీక్ష కావాలి.

వృక్షశాస్త్రవేత్త ఎడ్జ్‌వర్త్ గమనించిన పొడపత్రి తీపిని చంపే గుణం 1847లో లండన్ లినేయన్ సొసైటీకి చేరింది. 1887లో ఊటీలో సింకోనా బెరడును పరీక్షించే ప్రభుత్వ రసాయనవేత్త డేవిడ్ హూపర్ ఆకుల నుంచి తీపిని చంపే పదార్థాన్ని వేరుచేసి జిమ్నెమిక్ ఆమ్లమన్నాడు. అది నిజానికి ఒకటి కాదు, దగ్గరి చుట్టాలైన అనేక ఆమ్లాల గుంపని తరవాత తేలింది. 2014లో జపాన్ పరిశోధకులు అవి నాలుక మీది తీపి గ్రాహకంలో ఏ భాగాన్ని పట్టుకుంటాయో చూపారు. చిట్టెలుకల గ్రాహకంలో ఆ పట్టు దొరకదు. వాటికి ఈ ఆమ్లాలు నాలుకకు తగిలినా చక్కెర తియ్యగానే ఉంటుంది.